విద్యాఋణము, జీతపు జప్తు: తల్లిదండ్రులు తెలిసికొనదగిన సంగతులు

పాఠశాల వార్షిక సంచికయందు చదువు యొక్క గొప్పతనమును గూర్చి వ్రాయుట ఆచారము. ఈ మారు చదువు కొరకు చేసిన అప్పును గూర్చి వ్రాయుచున్నాము. ఇది ఇట్టి సంచికకు తగిన విషయమేనా యని కొందరు సందేహింపవచ్చును. కాని సాయంకాలము బడి వదలిన పిదప ఉపాధ్యాయుల గదికి వచ్చు తల్లిదండ్రులలో పిల్లల మార్కులను గూర్చి అడుగువారితోపాటు, జేబులోనుండి మడతపెట్టిన కాగితమొకటి తీసి, "సారూ, ఇందులో ఏమి వ్రాసినారో కొంచెము చదివి చెప్పండి" అని అడుగువారును కలరు.

ఆ కాగితము ఇంగ్లీషులోనో మరాఠీలోనో ఉండును. బ్యాంకు నుండియో, బ్యాంకు తరఫు వకీలు నుండియో వచ్చినదై యుండును. కుమారుని చదువునకో కుమార్తె చదువునకో తీసికొన్న అప్పు వాయిదాలు నిలిచిపోయినవనియు, వెంటనే చెల్లింపని యెడల చట్టరీత్యా చర్య తీసికొని జీతము జప్తు చేయింతుమనియు అందు వ్రాయబడి యుండును. చదివి వినిపించిన పిదప వారడుగు ప్రశ్న ఒక్కటే: "వచ్చే నెల జీతము చేతికి వచ్చునా, రాదా?"

ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. ముందుగా క్లుప్తముగ చెప్పుదుము: బ్యాంకు ఉత్తరము వచ్చినంత మాత్రమున జీతము జప్తు కాదు. ఆ ఉత్తరమునకును జప్తునకును నడుమ అనేకములైన మెట్లున్నవి. ప్రతి మెట్టువద్దను మన మాట చెప్పుకొనుటకు చట్టము అవకాశమిచ్చినది. భయము చేతను సిగ్గు చేతను ఆ కాగితమును పెట్టెలో దాచి మిన్నకుండిన వారే ఆ అవకాశములను పోగొట్టుకొనుచున్నారు.

చంద్రపూరు, బల్లార్‌పూరు, రాజురా ప్రాంతములలో తెలుగువారు నిన్న మొన్న వచ్చినవారు కారు. రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాజ్యమునందలి ఆదిలాబాదు జిల్లాలోనిదే. బొగ్గు గనులును, బల్లార్‌పూరు కాగితపు మిల్లును, కాజీపేట–బల్లార్షా రైలు మార్గమును అనేక తెలుగు కుటుంబముల నిచటికి రప్పించినవి. భూమి క్రింద పనిచేసిన తండ్రులు తమ పిల్లలు భూమిపైన కూర్చుండి పనిచేయవలెనని కోరిరి. బడిలో మన భాషయందు చదివిన పిల్లలు పిదప ఇంజనీరింగు, నర్సింగు, ఫార్మసీ చదువులకై నాగపూరునకో, హైదరాబాదునకో, వరంగల్లునకో పోవుచున్నారు. ఫీజు కట్టుటకు పెక్కు ఇండ్లలో బ్యాంకు అప్పు తప్పనిసరి యగుచున్నది. చదువు ముగిసిన వెంటనే ఉద్యోగము దొరకనప్పుడు చిక్కు మొదలగుచున్నది.

అప్పు ఎవరిది?

నేడు బ్యాంకు లిచ్చు విద్యాఋణమునకు 2001లో భారతీయ బ్యాంకుల సంఘము సిద్ధపరచిన నమూనా పథకము మూలము. దాని ప్రకారము విద్యార్థితోపాటు తండ్రియో తల్లియో సంతకము చేయవలెను. "మా వాని అప్పునకు నేను సాక్షి సంతకము చేసినాను" అని చెప్పు తండ్రులు అనేకులు కలరు. అది సాక్షి సంతకము కాదు. తండ్రి సహఋణగ్రహీత, అనగా ఆ అప్పు కుమారునిది యెంతయో తండ్రిది నంతయే. కుమారుడు దూరదేశమున నున్నను, ఉద్యోగము లేకున్నను, బ్యాంకు తండ్రిని అడుగవచ్చును.

నమూనా పథకములో 4 లక్షల రూపాయల వరకు తాకట్టు గాని పరాయి జామీను గాని లేదు. 4 లక్షలు దాటి 7.5 లక్షల వరకు మరియొకరి జామీను, ఆపైన ఇల్లు మొదలగు ఆస్తి తాకట్టు అడుగుదురు. 2015లో కేంద్ర ప్రభుత్వము విద్యాఋణముల హామీ నిధి నేర్పరచిన పిదప, ఆ నిధి క్రిందికి వచ్చు ఋణములకు 7.5 లక్షల వరకు తాకట్టు గాని పరాయి జామీను గాని అక్కరలేదు. కాని ఒక్క మాట గుర్తుంచుకొనవలెను. బాకీ నిలిచినపుడు ఆ నిధి బ్యాంకు నష్టములో కొంత భాగమును బ్యాంకునకు చెల్లించునే గాని, మన బాకీని కొట్టివేయదు.

జామీను విషయము మరింత సున్నితమైనది. గనిలో ప్రక్కన పనిచేయు మిత్రుడు మన మాట నమ్మి జామీను సంతకము చేసియుండును. 1872 నాటి ఒప్పందముల చట్టము ప్రకారము అప్పు తీసికొన్నవాని బాధ్యత యెంతో జామీనుదారుని బాధ్యతయు అంతయే. ముందు అప్పు తీసికొన్నవానిపై దావా వేసి, వసూలు కానప్పుడు మాత్రమే జామీనుదారుని వద్దకు పోవలెనను నియమము లేదు. కావున వాయిదా తప్పునని తోచిన నాడే ఆ మిత్రునకు సంగతి తెలియజేయుట మన ధర్మము.

వాయిదా తప్పిన నాటినుండి

చదువు ముగిసిన పిదప సాధారణముగ ఒక సంవత్సరము గడువిచ్చి, ఆ తరువాత నెలవారీ వాయిదాలు మొదలుపెట్టుదురు. తీర్చుటకు 15 సంవత్సరముల వరకు కాలము ఉండవచ్చును. వాయిదా తేదీ దాటి 90 దినములు గడచినను చెల్లింపు లేనిచో, రిజర్వు బ్యాంకు నియమముల ప్రకారము ఆ ఖాతాను నిరర్థక ఆస్తిగ లెక్కింతురు. వ్యవహారములో దీనినే మొండిబాకీ యందురు. ఆ సంగతి సిబిల్ వంటి సంస్థల లెక్కలలో విద్యార్థి పేరనే గాక తండ్రి పేరనను చేరును. పెద్దవాని చదువు బాకీ వలన చిన్నదాని చదువునకు అప్పు పుట్టుట కష్టమగును. కనుక ఈ 90 దినములు మిక్కిలి విలువైనవి.

ఈ కాలములోనే శాఖ మేనేజరును కలిసి, ఉద్యోగము లేని కారణమును వ్రాతపూర్వకముగ తెలుపవలెను. విద్యార్థికి ఉద్యోగము లేని కాలములోను, చాలీచాలని జీతము వచ్చు కాలములోను వాయిదాలు కొంతకాలము నిలుపుటకును, మొదట చిన్న వాయిదాలుగ కట్టి జీతము పెరిగిన కొలది పెంచుకొనుటకును నమూనా పథకములో వీలున్నది. బ్యాంకు తప్పక ఒప్పుకొనునని చెప్పజాలము. కాని అడుగనివారికి ఈ సౌకర్యము దొరకదు. 2009లో ఆరంభించిన కేంద్ర వడ్డీ రాయితీ పథకము క్రింద, సంవత్సరాదాయము 4.5 లక్షలకు మించని కుటుంబముల పిల్లలకు, నిబంధనలకు లోబడిన చదువుల విషయమున, చదువుకాలపు వడ్డీని ప్రభుత్వము భరించును. ఆ రాయితీ మన ఖాతాకు జమయైనదా లేదా యని లెక్క చూపుమని అడుగుటకు వెనుదీయరాదు. ఆలస్యమునకు వేయు అపరాధ రుసుముపై మరల వడ్డీ కట్టరాదని రిజర్వు బ్యాంకు 2023లో ఆజ్ఞాపించగా, అది 2024 నుండి అమలులోనికి వచ్చినది. ఖాతా లెక్కలో దీనినికూడ చూచుకొనవలెను.

జీతమును పట్టు అధికారము ఎవరిది?

అమెరికాలో నున్న బంధువుల వలన మనవారు ఒక మాట వినుచున్నారు: అక్కడ చదువు అప్పు కట్టనివాని జీతమును ప్రభుత్వము నేరుగా పట్టుకొనునని. అది నిజమే. అక్కడి కేంద్ర ప్రభుత్వమిచ్చిన విద్యాఋణము బాకీ పడినయెడల, కోర్టుకు పోకయే, 30 దినముల నోటీసుతో, కోతలు పోగా మిగిలిన జీతములో నూటికి 15 వంతుల వరకు పట్టుకొనుటకు అచటి చట్టము వీలిచ్చినది. కాని ఆ చట్టము మన దేశములో లేదు. ఇచట విద్యాఋణమిచ్చిన బ్యాంకు గని మేనేజరునకో మిల్లు యజమానికో ఒక ఉత్తరము వ్రాసి జీతము పంపుమని ఆజ్ఞాపింపజాలదు. ముందు దావా వేసి డిక్రీ పొందవలెను. ఆ డిక్రీని అమలు జరుపుమని మరల కోరవలెను. అప్పుడు జప్తు ఉత్తరువు వెలువడవలెను.

దీనికి రెండు మినహాయింపు లున్నవి. రెండును మన సంతకముతో వచ్చినవే. మొదటిది: అప్పిచ్చిన బ్యాంకులోనే తండ్రి జీతపు ఖాతా ఉన్నచో, ఒప్పంద పత్రములోని షరతును బట్టి ఆ ఖాతాలో పడిన సొమ్మును బాకీకి జమకట్టుకొనుటకు బ్యాంకు పూనుకొనవచ్చును. రెండవది: ఉద్యోగుల సహకార పతసంస్థల అప్పు. 1960 నాటి మహారాష్ట్ర సహకార సంఘముల చట్టము 49వ సెక్షను ప్రకారము, సభ్యుడు ముందుగ ఒప్పుకొని వ్రాసియిచ్చిన యెడల, కోర్టు డిక్రీ లేకయే యజమాని జీతములో కోసి సంఘమునకు చెల్లింపవలెను. పిల్లవాని ఫీజునకు పతసంస్థలో అప్పు తీసికొన్నవారును, తోటివారికి అచట జామీను నిలిచినవారును ఈ భేదమును గమనింపవలెను. ఇట్టి కాగితములపై సంతకము పెట్టుటకు ముందే వానిని చదివించుకొనుట మేలు.

కోర్టు సమను వచ్చినప్పుడు

బాకీ 20 లక్షలకు తక్కువైనచో బ్యాంకు సివిలు కోర్టులో దావా వేయవలెను. అంతకు మించిన బాకీలు నాగపూరులోని ఋణ వసూలు ట్రిబ్యునలుకు పోవును. ఆస్తి తాకట్టు పెట్టియున్నచో 2002 నాటి చట్టము క్రింద 60 దినముల నోటీసిచ్చి ఆ ఆస్తిపై చర్య తీసికొనవచ్చును. ఆ నోటీసునకు మన అభ్యంతరము వ్రాసి పంపినచో బ్యాంకు 15 దినములలో జవాబు చెప్పవలెను.

సివిలు దావా సమను అందిన పిదప సాధారణముగ 30 దినములలో మన జవాబు దాఖలు చేయవలెను. సమ్మరీ దావా యైనచో 10 దినములలోనే హాజరు పత్రము వేయవలెను. కావున సమనుపై నున్న దినముల సంఖ్యను ఆనాడే ఎవరిచేతనైన చదివించుకొనవలెను. హాజరు కానివారిపై కోర్టు ఒకపక్షపు డిక్రీ ఇచ్చును. బ్యాంకు చూపిన లెక్కయే అప్పుడు ఖాయమగును. రాయితీ జమకాలేదని గాని, అపరాధ రుసుము ఎక్కువ వేసినారని గాని చెప్పుకొను సమయము చేజారిపోవును. అట్టి డిక్రీని రద్దుపరుపుమని కోరుటకు వీలున్నను, దానికి 30 దినముల గడువు మాత్రమే కలదు. తగిన కారణమును చూపవలెను.

హాజరైనవానికి మరియొక లాభము. బాకీ నిజమే యని ఒప్పుకొనుచు, వాయిదాలుగ కట్టుటకు అనుమతింపుమని డిక్రీకి ముందే కోరినచో, తగిన కారణ మున్నయెడల కోర్టు స్వయముగ అట్లు ఉత్తరువు చేయగలదు. డిక్రీ అయిన పిదప దానికి బ్యాంకు సమ్మతి కావలెను.

జప్తు ఎంతవరకు?

డిక్రీ అమలులో జీతమును జప్తు చేసినను మొత్తము జీతము పోదు. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను హద్దులు విధించినది. జీతములో మొదటి 1,000 రూపాయలును, మిగిలిన దానిలో మూడింట రెండు వంతులును ముట్టరాదు. ఉదాహరణమునకు ఒకని నెల జీతము 31,000 రూపాయ లనుకొందము. 1,000 తీసివేయగా 30,000. అందులో మూడవ వంతు 10,000. అంతవరకే జప్తు. కుటుంబమునకు 21,000 మిగులును. ఒకే డిక్రీ క్రింద ఇట్టి జప్తు, వరుసగ గాని మధ్యమధ్య ఆగి గాని, మొత్తము 24 నెలలు జరిగిన పిదప ఆ డిక్రీకై జీతమును మరల జప్తు చేయరాదు. ఐతే బాకీ మిగిలినచో ఇతర ఆస్తిపై చర్య సాగవచ్చును.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి మన గని కార్మికులకును మిల్లు కార్మికులకును కలదు. అదే సెక్షను ప్రకారము శ్రామికుల కూలియు, ఇంటి పనివారి కూలియు పూర్తిగ మినహాయింపబడినవి. శ్రామికు డనగా నైపుణ్యము కలవాడును, కొంత కలవాడును, లేనివాడును అని సెక్షనులోనే వివరింపబడినది. ఒకని ఆదాయము ఈ మాటకు లోబడిన కూలియా, లేక జీతమా అనునది అతని పని స్వభావమును చూచి కోర్టు నిర్ణయించును. కావున ఆ మాటను కోర్టులో ఎత్తి చెప్పవలెను. భవిష్యనిధిలో తప్పనిసరిగ జమయగు సొమ్మును, గ్రాట్యుటీని, వస్త్రములను, వంటపాత్రలను, పడకలను, చేతిపనివాని పనిముట్లను జప్తు చేయరాదు. అప్పు పత్రములో "ఈ మినహాయింపులను వదలుకొంటిని" అని వ్రాయించుకొన్నను, ఆ వ్రాత చెల్లదని అదే సెక్షను శాసించుచున్నది.

జైలు మాట

వసూలుకు వచ్చు మనుష్యులు కొందరు "జైలులో పెట్టింతుము" అని బెదిరించుట విన్నాము. అప్పు కట్టలేకపోవుట నేరము కాదు. డిక్రీ బాకీకై నిర్బంధించుటకు కోడులో ఏర్పాటున్నను, చెల్లింపగలిగియు దురుద్దేశముతో ఎగవేయువాని విషయమున మాత్రమే అది తగునని 1980లో సుప్రీంకోర్టు జాలీ జార్జి వర్గీసు కేసులో తీర్పు చెప్పినది. అందు ఋణదాత ఒక బ్యాంకే. సొమ్ము డిక్రీకై స్త్రీలను నిర్బంధింపరాదని కోడు స్పష్టముగ చెప్పుచున్నది. తల్లులు ఈ వాక్యమును మరల చదువుకొందురు గాక.

వసూలు మనుష్యులు ఉదయము 8 గంటలకు ముందును, సాయంత్రము 7 గంటల తరువాతను ఫోను చేయరాదనియు, బెదిరింపరాదనియు, నలుగురిలో అవమానింపరాదనియు 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆజ్ఞాపించినది. దీనిని మీరినచో ముందు బ్యాంకునకు వ్రాతపూర్వకముగ ఫిర్యాదు చేయవలెను. 30 దినములలో తగిన జవాబు రానిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనుకు చెప్పుకొనవచ్చును. దానికి రుసుము లేదు.

రాజీ మార్గము

ప్రతి జిల్లా కోర్టులో నున్నట్లే చంద్రపూరు జిల్లా కోర్టులోను న్యాయ సేవల సంస్థ యున్నది. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలు, షెడ్యూల్డు కులములవారు, తెగలవారు, పారిశ్రామిక కార్మికులు మొదలగువారికి ఆ సంస్థ ఉచితముగ వకీలు నియమింపవలెను. మన తల్లిదండ్రులలో పెక్కురు ఈ జాబితాలోనివారే. దావా వేయకమునుపే లోక్ అదాలతులో బ్యాంకుతో రాజీ పడవచ్చును. కోర్టు రుసుము లేదు. కాని అచట జరిగిన రాజీ డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. నెలకు 3,000 కట్టగలవాడు మొగమాటముతో 6,000 కు సంతకము చేయరాదు.

ఒకేసారి కొంత తగ్గించి కట్టు రాజీ కుదిరినయెడల, ఆ షరతులను బ్యాంకు ముద్రతో వ్రాయించుకొనవలెను. సొమ్ము బ్యాంకు ఖాతాలోనికే కట్టవలెను. తుదకు బాకీ లేదను పత్రము పుచ్చుకొనవలెను. మధ్యవర్తి చేతికి నగదు ఇయ్యరాదు. పూర్తిగ తీర్చిన ఖాతాకును రాజీపై తీరిన ఖాతాకును సిబిల్ లెక్కలో భేదమున్నదని కూడ తెలిసికొనవలెను.

తుది మనవి

బ్యాంకు సొమ్ము ప్రజలు దాచుకొన్న సొమ్మే. దానిని ఎగవేయుమని చెప్పుట మా అభిప్రాయము కాదు. తీర్చగలిగినంత తీర్చుటయే గౌరవము. కాని తీర్చు క్రమములో కుటుంబము అన్నము లేక మాడవలెనని ఏ చట్టమును చెప్పలేదు.

పిల్లలకు ఒక మాట. ఇంటికి వచ్చు ఇంగ్లీషు ఉత్తరమును మొదట చదువువారు మీరే. మీ పేరునే వచ్చిన బ్యాంకు నోటీసును చూచి, నాయనకు బాధ కలుగునని దాచిపెట్టకుడు. దాచిన కాగితము ఒకనాడు ఒకపక్షపు డిక్రీగ నాయన ఎదుట నిలుచును. ఆనాటి బాధ ఇంతకు నూరింతలు. తల్లిదండ్రులకును ఒక మాట. ఉద్యోగము దొరకని పిల్లవానిని ఆ ఉత్తరము చేతబట్టుకొని నిందింపకుడు. అతడు మౌనము వహించినచో నష్టము ఇద్దరిదియు.

మరాఠీలోనో ఇంగ్లీషులోనో కాగితము వచ్చినప్పుడు చదువరాదని సిగ్గుపడవలసిన పని లేదు. ఈ నేలపై రెండు మూడు భాషల నడుమ బ్రదుకుట మనకు పెద్దలనుండి వచ్చిన విద్య. ఉత్తరము అందిన దినమును దానిపైనే వ్రాసి, ఏ సాయంకాలమైన బడికి తీసికొనిరండు. చదివి చెప్పుటకు మేమున్నాము. వకీలు చేయవలసిన పని వకీలు చేయును. కాని ఆ కాగితమును మడత విప్పుట మన పని.